అంచు లేని తెల్లకోక

కాంతా, నేను చెబుతుంటే ఎదురింటి సరోజ రాస్తోంది. చదవడానికి నువ్వు లేవని నాకూ తెలుసు. అయినా నీ కూతురి సంగతి నీతో కాక ఇంకెవరితో చెప్పుకోను?

మన మణికి తిరువళ్ళూరులో నర్సు చదువుకు సీటు వచ్చింది. చేరే రోజు తెల్లచీర కట్టుకుని రమ్మన్నారు.

"అంచు ఉండకూడదంట అవ్వా" అని అది ముందే చెప్పింది.

"పెండ్లి కావాల్సిన పిల్లకి ఒట్టి తెల్లకోకా? నేనా నేసేది? నోరు మూసుకోయే" అన్నాను.

మీ నాయన పోయాక అలాంటి కోక కట్టినదాన్ని నేను. అందుకే సన్నగా ఎర్రంచు పెట్టి నేశాను. అక్కడి మేట్రనమ్మ మణిని వాకిట్లోనే ఆపి, సోమవారం సాదా చీరలో రాకుంటే సీటు ఇంకొకరికి ఇస్తానందట. మన పళ్ళిపట్టు దాకా బస్సులో ఏడుస్తూ వచ్చిన పిల్ల నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు.

అంగట్లో కొనివ్వొచ్చు కదా అంటావు. నేతోళ్ళ పిల్ల కొన్న కోకతో పోవడమా? పడుగులోంచి ఎర్ర పోగులు తీసేసి మళ్ళీ నేనే మగ్గంలో కూర్చున్నాను. నీ బిడ్డకు నా చేత్తో నేనే కీడు చేస్తున్నట్టు అనిపించింది. అయినా నేశాను. తిట్టేదుంటే నన్ను తిట్టు, దాన్ని కాదు.

ఈ పొద్దు అది కట్టుకుని నా ఎదుట నిలబడింది.

"ఎట్లుండాను అవ్వా?"

నుదుట రూపాయంత కుంకుమ పెట్టి బస్సెక్కించాను.

"అక్కడ దీన్ని తుడిపించినా నాకొచ్చి చెప్పబాకే" అన్నాను.