సింబల్స్ లేని రికార్డు

తమ్ముడికి అక్క దీవెనలు.

ఇక్కడ నేనూ నాన్నా బాగానే ఉన్నాం. నువ్వు కూడా ఆ గోడల మధ్య ఉన్నంతలో కులాసాగానే ఉన్నావని నీ ఉత్తరం చూసి నమ్ముతున్నాను. నాన్నకు మోకాలి నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. నేను పాటలు పెట్టగానే, రేకుల మీద రాళ్ళు పడుతున్నాయి ఎవరో చూడండని కేకేస్తాడు. నువ్వు జైలుకు వెళ్ళాక మా ఇద్దరికీ మిగిలిన నవ్వు అదొక్కటే.

నువ్వడిగినవాటికి జవాబు రాస్తాను. నీ గదిలో ఉండే మేస్త్రిగారు మెటల్ సంగీతం వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారన్నావు. తాపీపని చేసిన మనిషి కదా, పునాది నుంచే మొదలుపెట్టించు. ముందు పాత హెవీ మెటల్. పాడేవాడి మాట తెలుస్తుంది, గిటార్ రాగం నోటికి వచ్చేస్తుంది. ఆదివారం మీ సంగీతం గదిలో ఇచ్చే గంటసేపూ కొన్నాళ్ళు అదే వినిపించు. తర్వాత థ్రాష్. కోపం నెత్తికెక్కినవాడు మాట్లాడినట్టు ఉంటుంది గానీ అందులో ఒక్క మాట వృథాగా పోదు. డెత్ మెటల్ వైపు మాత్రం ఆయన్ని ఇప్పుడే తోయకు. ఆ గొంతులు వింటే భయపడి పారిపోతారు, పాపం పారిపోవడానికి అక్కడ చోటు కూడా లేదు.

పవర్ మెటల్ దగ్గర మన తగాదా ఎప్పుడూ ఉన్నదే. గుర్రాలు, కత్తులు, కొండమీద కోట, ఆకాశాన్నంటే గొంతు. నాకు వెగటు పుడుతుంది. దాన్ని వెనకేసుకొస్తూ పేజీలకు పేజీలు నింపావు. ఇక్కడున్నవాళ్ళకు చివర్లో ఎవరో ఒకరు గెలిచే పాటలు కావాలక్కా అని రాశావు. ఆ మాట చదివాక ఈ పార్సిల్లో ఆ రకం డిస్కులు కూడా పెట్టాను.

ఇక బ్లాక్ మెటల్. ఒకప్పుడు అదే లోకంగా బతికినదానివి, ఇప్పుడెందుకు తిడుతున్నావని నిలదీశావు. కొత్తవాళ్ళు దాన్ని స్టూడియోలో కడిగి తుడిచి పాడుచేస్తున్నారని పోయినసారి రాశాను. అభిప్రాయంగా అందులో తప్పేమీ లేదు. పెచ్చులూడిన గోడలా ఉంటేనే ఆ సంగీతం నిజమనిపిస్తుంది. కానీ నేను తిట్టడానికి అసలు కారణం అది కాదు.

మనం ముసుగువాళ్ళు అని పిలుచుకునే బ్యాండు సంగతి చెబితే నీకు అర్థమవుతుంది. వాళ్ళ కొత్త రికార్డును తెగ మెచ్చుకున్నాను. డ్రమ్మరు ఆ ఇత్తడి పళ్ళేల, సింబల్స్ జోలికే పోకుండా మొత్తం లాగించేశాడు, ఎంత ధైర్యమని రాశాను. మీరంతా ఆదివారం విన్నారట. మొదటి పాట నుంచి చివరిదాకా సింబల్స్ మోగుతూనే ఉన్నాయట. మమ్మల్ని ఆటపట్టిస్తున్నావా అక్కా అని అడిగావు. ఆటపట్టించలేదురా. నాకు వినిపించలేదు.

నా చెవులు పోతున్నాయి. సన్నటి శబ్దాలు ముందు పోయాయి. సింబల్స్, బ్లాక్ మెటల్ గిటార్ల హోరు, ఆ కీచుగొంతులు, ఒకదాని తర్వాత ఒకటి మసకబారాయి. డూమ్ మెటల్ నిదానంగా, బరువుగా, కింది స్వరాల్లో నడుస్తుంది కాబట్టి అదింకా నాదాకా వస్తోంది. డూమ్ తప్ప తక్కినదంతా చెత్త అని ఈమధ్య నేను వాదించడం అందుకే. అదంతా నా అభిరుచి ముదరడం అనుకున్నాను. జబ్బు ముదిరింది.

ఫౌండ్రీలో బయటపడింది. నా పని నీకు తెలుసు కదా, పోతపోసిన చక్రాన్ని గొలుసుకు వేలాడదీసి సుత్తితో ఒక దెబ్బ వేసి వినడం. బాగుంటే గంటలా మోగుతుంది, లోపల పగులుంటే చప్పుడు చప్పగా అణిగిపోతుంది. నేను బాగుందన్న చక్రాన్ని ఎవరూ మళ్ళీ కొట్టి చూసేవారు కాదు. ఈమధ్య ఒకరోజు, నా పక్కన పనిచేసే పొడుగాయన నేను సుద్దతో టిక్కు పెట్టిన చక్రాన్ని తిరిగి కొట్టాడు. బొటనవేలితో నా టిక్కు చెరిపేశాడు. నేనూ వెళ్ళి కొట్టి చూశాను. నాకది బాగానే మోగింది. ఆ సాయంత్రమే సూపర్‌వైజర్‌కు చెప్పేశాను. నన్ను ఇసుక జల్లించే వైపు మార్చారు. అంతకుముందు నా చేతిమీదుగా వెళ్ళిన చక్రాలను వెనక్కి తెప్పిస్తామన్నారు గానీ, అవి ఇప్పుడు ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో ఎవరికీ తెలియదు.

పోయిన వినికిడి తిరిగి రాదని చెవుల డాక్టరమ్మ చెప్పింది. పగలంతా ఫౌండ్రీ మోత, ఇంటికొస్తే మళ్ళీ మన పాటల మోత, చెవులు మాత్రం ఎంతని మోస్తాయంది. మనుషుల మాటలు కూడా ఇలాగే జారిపోతాయట. నాన్నకు ఇంకా తెలియదు. ఆయన మామూలుగానే అరిచి మాట్లాడతాడు కాబట్టి ఇంట్లో గడిచిపోతోంది.

నీకు కూడా ఇప్పుడే చెప్పకూడదనుకున్నాను. నీ ఉత్తరంలో చివరి వాక్యం నన్ను ఆగనివ్వలేదు. "ఆ రోజు నువ్వు తల ఊపావు, ఇక నాకు దిగులు లేదక్కా, నెలాఖరులోగా ఆ పని కానిచ్చేస్తాను" అని రాశావు.

ఏ పనిరా?

ఆ రోజు ములాఖత్‌లో గాజుకు అవతల నువ్వు ఫోను నోటికి ఆనించుకుని మెల్లగా మాట్లాడావు. నాకు గరగర తప్ప ఏమీ అందలేదు. పెదాలు చూసి పోల్చుకుందామంటే నీ చెయ్యి అడ్డం. మళ్ళీ చెప్పమంటే నా సంగతి నీకు తెలిసిపోతుందని భయపడ్డాను. ఏదో అడిగి నా మొహంలోకి చూశావు. నేను నవ్వి తల ఊపాను. నువ్వు కళ్ళు తుడుచుకుంటే అది సంతోషమనుకున్నాను.

అప్పీలు వెనక్కి తీసుకుంటానన్నావా? నన్నిక చూడటానికి రావద్దన్నావా? అంతకంటే ఘోరమైనదానికి నా అనుమతి అడిగావా? నీ మొహం గుర్తు తెచ్చుకుని ఒక్కో మాటా దానికి అతికించి చూస్తున్నాను, ఏదీ సరిపోవడం లేదు. ఏ మాట పెట్టినా భయమేస్తోంది. ఫోను చేద్దామంటే నువ్వు చెప్పేది నాకు వినపడదు. మళ్ళీ ములాఖత్ వచ్చే నెలకు గానీ ఇవ్వరు.

అందుకని, నువ్వడిగింది కాగితం మీద రాయి. మేస్త్రిగారు పక్కనుంటే ఆయనకు కూడా ఈ ముక్క చదివి వినిపించు, నిన్ను కనిపెట్టుకుని ఉండమని అక్క అడిగిందని చెప్పు. నా జవాబు నీ చేతికి అందేదాకా ఆ పని చేయకు. అది మంచి పనే అయినా సరే, చేయకు. నేనింకా దేనికీ ఒప్పుకోలేదు.

ఇట్లు,
ఏమీ వినకుండానే అవునన్న
నీ అక్క