ఏడింటికి మూసే వంటిల్లు

బెంగళూరు,
శుక్రవారం.

చి.ల.సౌ. సుభద్రకు, నీ తోడబుట్టిన అప్ప ఆశీర్వదించి రాసేది.

ముందు నీ తప్పొకటి దిద్దాలి. మొన్న ఫోనులో నువ్వేమన్నావు? "పిల్లలు అన్నం వేళకి అన్నం తింటే పడుకునే వేళకి ఆకలంటారేటప్పా? నువ్వే గారాం సేసి పాడు సేత్తన్నావు" అన్నావు. రెండూ తప్పే. పిల్లలు కంచం ఖాళీ చేసే లేస్తున్నారు. ఇక గారాం చెయ్యడానికి ఈ ఇంట్లో నా చేతిలో ఏముంది గనక? ఈ మాట అప్పుడే చెప్పేదాన్ని. వాణి పక్కగదిలో ఉంది, ఈ ఫ్లాట్ల గోడలు అప్పడాల్లా ఉంటాయి. అందుకని ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు, చదివి మరిదికి వినిపించకు.

నీ మోకాలు ఎలా ఉంది? ఆ నూనె రాస్తున్నావా, సీసా చూసి మురుస్తున్నావా? మరిదికి దగ్గు తగ్గిందా? జీడితోటలో ఈసారి పిక్క బాగా దిగిందని విన్నాను, సంతోషం. నేను బాగానే ఉన్నాను. నా గురించి బెంగ పెట్టుకోకు. ఇక్కడ వాన పడదు, ఆగదు, రోజంతా తుంపర. ఆషాఢంలో స్వెట్టరు వేసుకుని కూర్చుంటున్నాను. పదకొండో అంతస్తు నుంచి చూస్తే మనుషులు కనిపిస్తారు గాని మాట్లాడరు. ఎదురింటావిడ లిఫ్టులో నవ్వుతుంది. ఆవిడకి తెలుగు రాదు, నాకు కన్నడం రాదు, కాబట్టి మా ఇద్దరికీ ఇంతవరకు తగువు లేదు.

మీ బావ పోయాక నేనిలా కూతురింటికి వచ్చి అయిదు నెలలు. వచ్చిన రోజే ఫ్రిజ్ తలుపు మీద ఒక ఇంగ్లీషు కాగితం చూశాను. పోషకాహారం గురించి చెప్పే ఒకామెకి ఫీజు కట్టి వాణి రాయించుకుందట. ఆరున్నరకి రాత్రి భోజనం, ఏడింటికి వంటిల్లు మూత, తొమ్మిదింటికి పడక. మధ్యలో ఏమీ లేదు. మరీ ఏడిస్తే నాలుగు క్యారెట్ ముక్కలు. ముప్ఫై ఏళ్లు హైస్కూలులో సైన్సు చెప్పినదాన్ని, జీర్ణవ్యవస్థ బొమ్మ బోర్డు మీద కళ్లు మూసుకుని వేసేదాన్ని. ఆ కాగితం చదివి నాకు తెలిసింది, నేను ఇన్నాళ్లూ తప్పు బొమ్మ వేశానని.

ఆరున్నరకి తిన్న పిల్లకి ఎనిమిదింటికి ఆకలి వెయ్యదా? రిషికి తొమ్మిదేళ్లు, వాడు నీళ్లు తాగి ఊరుకుంటాడు. మేఘనకి ఆరు. సరిగ్గా ఎనిమిదింటికి నా గదిలోకి వచ్చి, "అమ్మమ్మా, ఏటుంది?" అంటుంది. ఆ 'ఏటి' నా దగ్గరే నేర్చింది, దానికీ వాణి చేత మాట పడ్డాను. ఆ వేళకి వాణి తలుపు వేసుకుని, దేశం కాని దేశం వాళ్లతో కంప్యూటరులో మీటింగులో ఉంటుంది. అల్లుడు ఆఫీసులోనే తినేసి వస్తాడు, అతనికి కాగితం వర్తించదు.

మన అమ్మ రాత్రి గిన్నె ఊడ్చనిచ్చేదా? పిడికెడు మెతుకులు అడుగున ఉంచి గాని మూత పెట్టేది కాదు, ఎవరి ఆకలి ఎప్పుడు లేస్తుందో తెలియదని. నేను కూడా మొదటివారం అలాగే ఉంచాను. వాణి వచ్చి ఆ పిడికెడూ చెత్తబుట్టలో వేసి, గిన్నె తోమే మెషీనులో పెట్టేసింది. "మిగిల్చితే బాక్టీరియా అమ్మా" అంది. బాక్టీరియా పాఠం ఆ పిల్లకి చెప్పింది నేనే.

అప్పుడు చేశాను తప్పు. నా పెట్టెలో చీరల కింద ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టుకున్నాను. మరమరాలు, బెల్లం, నువ్విచ్చిన జీడిపప్పు బద్దలు. మెత్తటి మూత, తీస్తే చప్పుడు రాదు. ఎనిమిదింటికి పిల్లలిద్దరూ నా మంచం మీద చేరేవారు. మరమరాలు నమిలితే కరకరమంటాయి కదా, "నోట్లో నానబెట్టి మింగండి, చప్పుడు చెయ్యకండి" అని చెప్పాను. నవ్వుకో. ఆ అరగంట కోసమే పొద్దుటి నుంచి ఎదురుచూసేదాన్ని. ఈ ఊళ్లో నా పక్కన కూర్చునే వాళ్లు ఆ ఇద్దరే.

ఒకరోజు వాణి మీటింగు మధ్యలో బయటికొచ్చింది. మేఘన మూతి పక్కన బెల్లం మరక చూసి, "ఏం తిన్నావే?" అంది.

"ఏం లేదమ్మా, బ్రష్ చేసుకున్నా. పేస్ట్" అంది పిల్ల. రెప్ప వెయ్యలేదు. బెల్లం రంగు పేస్ట్ ఎక్కడుందో నాకు తెలియదు. వాణి నమ్మి, ముద్దు పెట్టి వెళ్లింది. పిల్ల నాకేసి చూసి కన్ను కొట్టింది. సుభద్రా, నేను వెళ్లి డబ్బాని చీరల కింద ఇంకాస్త లోపలికి తోశాను.

ఆదివారం నాడు చీమలు పట్టించాయి. వాణి డబ్బా హాల్లోకి తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇదేంటి?" అంది. నేను నోరు తెరిచేలోగా మేఘన, "నాకు తెలీదమ్మా. రోజూ అమ్మమ్మ ఒక్కత్తే తింటుంది" అంది. రిషి తల వంచుకున్నాడు.

వాణి నన్ను చూసిన చూపులో కోపం ఉంటే బాగుండేది. అందులో జాలి ఉంది. "ఆకలేస్తే నన్ను అడగొచ్చు కదమ్మా. నేను పరాయిదాన్నా?" అంది. సాయంత్రానికి చక్కెర లేని బిస్కెట్లు తెచ్చి, నా పేరు రాసి అంటించిన డబ్బాలో పోసి నా గదిలో పెట్టింది. అవి తినడం కంటే డబ్బా అట్ట తినడం నయం. మూడు రోజులు ఆ దొంగ పేరుతోనే బిస్కెట్లు తిన్నాను, పిల్లని పట్టించడం ఎందుకని.

మూడో రోజు సాయంత్రం మేఘన వచ్చి, "అమ్మమ్మా, మన కొత్త డబ్బా ఎక్కడ దాచావు?" అని గుసగుసగా అడిగింది.

"అమ్మతో అబద్ధం ఎందుకాడావే?" అన్నాను.

"నువ్వే కదా చప్పుడు చెయ్యొద్దన్నావు" అంది.

ఎంతమంది పిల్లల చేత పరీక్షలో కాపీ కాగితాలు పడేయించానో నీకు తెలుసు. చివరికి నా మనవరాలికి దొంగతనం పాఠం నేనే చెప్పాను. లేచి వెళ్లి వాణితో ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

దానికి కోపం వస్తే మనూరి మాట వస్తుంది. "ఏటమ్మా నువ్వు సేసిన పని! ఇంగ్లీషు కాగితం కాదమ్మా నా బాద. నాన్నకి ఏటయిందో మర్సిపోనావా?" అంది.

మర్చిపోతానా? వారానికి రెండుసార్లు పలాస తీసుకెళ్లి, ఆ డయాలసిస్ మెషీను పక్కన నాలుగేసి గంటలు కూర్చున్నదాన్ని. "మీ నాన్న కిడ్నీలు మరమరాలకి పోలేదే. ఎందుకు పోయాయో పెద్ద పెద్ద డాక్టర్లకే తెలీలేదు" అన్నాను.

"తెలీలేదు కాబట్టే అన్నిటికీ బయమే నాకు. మన నీళ్లన్నా, మన ఉప్పన్నా, నువ్వు తెచ్చిన పొట్లమన్నా బయమే" అని తలుపు వేసుకుంది.

మూడు రోజులైంది. "మందులేసుకున్నావా", "వేసుకున్నాను", అంతే మా మాటలు. దాని భయం అబద్ధం అనను. పిల్లల ఆకలీ అబద్ధం కాదు. ఈ ఇంట్లో అబద్ధం ఒక్కటే ఉంది, అది నేను తెచ్చిపెట్టింది. దాన్ని తీసెయ్యాలి. ఇకమీదట పెడితే హాల్లో, అందరి ముందూ పెడతాను. వాణి ఒప్పుకుంటే ఉంటాను. ఒప్పుకోకపోతే వచ్చే నెల రైలెక్కి నీ దగ్గర దిగుతాను, నీ మోకాలికి నూనె నేనే రాస్తాను. బెంగ పెట్టుకోకు, నేను బాగానే ఉన్నాను.

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పి, ఆవిడ దీవెన నా తరఫున కూడా అడుగు. ఈ వయసులో నన్ను దీవించడానికి ఆవిడ ఒక్కతే మిగిలింది. నీకూ మరిదికీ నా ఆశీస్సులు.

ఎక్కడున్నా మీ మంచి కోరే,
మీ అప్ప,
కామేశ్వరి.

ఇక నీకు ఒక పని. నీ అటక మీద నా పాత రేకు డబ్బా ఉంది, నువ్వు చింతపండు పోసుకున్నావు. అది ఖాళీ చేసి, కడిగి, రెండెండలు పెట్టు. మీ చెట్టు పనసపిక్కలు ఆరబెట్టినవి దాని నిండా నింపు. ఉప్పు నీళ్లలో ముంచకు, ఆ ఒక్క విషయంలో వాణి మాట వింటాను. పోస్టు మాస్టారి కోడలు వచ్చే ఆదివారం పలాసలో బెంగళూరు రైలెక్కుతుంది, ఆమె చేతికియ్యి. దాని మూత సొట్ట పోయింది గదా, సరిచేయించకు. తీస్తే ఠంగుమంటుంది, గుర్తుందా? ఆ చప్పుడికి వీధి చివర ఆడుకుంటున్న వాణి జడ ఊడిపోయినా ఆగకుండా పరిగెత్తుకొచ్చేది. తలుపు వేసుకుని మీటింగులో ఉన్నా దానికి వినబడాలి.