తడి పిచ్

చిరంజీవి అమ్మడికి నాన్న దీవెనలు. మీ అమ్మ మోకాలు, నా నోరు తప్ప ఇక్కడ అన్నీ బాగానే ఉన్నాయి. నువ్వు కులాసాగా ఉన్నావనుకుంటాను. క్రికెట్ మాటెత్తగానే ఫోన్ పెట్టేస్తున్నావు కాబట్టి, ఈ వయసులో నా చేత కలం పట్టించావు.

ముందు నీ ఉత్తరంలోని ప్రశ్నలకు జవాబులు. పిచ్ రోలర్ బాగు చేయించారు, అయినా మూలుగుతూనే ఉంది. స్టాండ్ ముందు గడ్డి మళ్లీ మొలిచింది. కొత్త కెప్టెన్ ఎలా ఉందని అడిగావు. ఆ పిల్లతో వేగలేక చచ్చాను తల్లీ! టాస్‌కు ముందు పిచ్ పక్కన నిలబడి ఫొటో దిగి వెళ్లిపోతుంది. ఒక్కసారి వంగి చూసిన పాపాన పోలేదు.

నువ్వు పన్నెండేళ్లకే నా రోలర్ వెనక నడుస్తూ, ఏ పిచ్ ఎప్పుడు పగులుతుందో చెప్పేదానివి. ఇరవై రెండేళ్లకు జట్టును నీ చేతిలో పెట్టారు. మూడేళ్లు ఓటమి మొహం చూడలేదు. పేపర్ల నిండా నువ్వే. ఆ తర్వాత ఆ పాడు ఫైనల్. టాస్ గెలిచి బ్యాటింగ్ తీసుకున్నావు, భోజనాల వేళకు డెబ్బై ఒక్క పరుగులకే అందరూ ఔట్. “నిర్ణయం నాది, తప్పూ నాదే” అని విలేకరులకు చెప్పి కెప్టెన్సీ వదులుకున్నావు. వారం తిరక్కుండా జట్టులోంచీ తీసేశారు. రెండేళ్లుగా ఆ ఊరి బళ్లో పిల్లల చేత పరుగులు తీయిస్తున్నావు.

ఇప్పుడు అక్కడి క్లబ్ వాళ్లు కెప్టెన్‌గా రమ్మని బతిమాలుతుంటే, రానని నెలాఖరులోగా చెప్పేస్తావట. “నాకు పిచ్ అర్థం కావడం మానేసింది నాన్నా, ఇంకో పదిమందిని ముంచలేను” అని రాశావు. చదివి ఒళ్లు మండిపోయింది. ఊరికే మీ అమ్మ మీద అరిచాను.

ఆవిడ నిదానంగా, “మీ కోపం దాని మీద కాదు, నా మీదా కాదు. ఆ సంగతి మీరు రాస్తారా, నన్ను రాయమంటారా?” అంది.

నేనే రాస్తున్నాను. ఫైనల్ ముందు రోజు సాయంత్రం పిచ్ మీద పట్టా కప్పుతున్నాను. సగం కప్పానో లేదో, ఒక విలేకరి వచ్చి నీ గురించి అడిగాడు. నీ గొప్పలు మొదలుపెడితే నాకు ఒళ్లు తెలియదు కదా! స్టాండ్ కింద కూర్చుని చెబుతూనే ఉన్నాను. జల్లు పడి వెలిసింది. పరుగెత్తి చూసేసరికి సగం పిచ్ తడిసింది. పైన పొడిమట్టి చల్లేసి, కిక్కురుమనకుండా ఇంటికొచ్చాను.

పొద్దున నువ్వు వంగి, బొటనవేలితో నొక్కి, “నాన్నా, లోపల తడి ఉన్నట్టుందే? బౌలింగ్ తీసుకోనా?” అన్నావు.

తడి పిచ్ మీద ముందు బ్యాటింగ్ చేస్తే వికెట్లు టపటపా రాలతాయని నాకు తెలియదా? కానీ ఒప్పుకుంటే నా నిర్వాకం బయటపడుతుంది. ముప్పై ఏళ్ల మంచిపేరు పోతుంది. అందుకే, “భేషుగ్గా ఎండింది, కళ్లు మూసుకుని బ్యాటింగ్ తీసుకో” అన్నాను. నువ్వు నీ వేలిని కాదని నా మాట నమ్మావు. తర్వాత ఎవరెంత గుచ్చి అడిగినా నా పేరు ఎత్తలేదు. నాన్న పొరబడ్డాడనుకుని కాపాడావు. పొరపాటు కాదమ్మా, అబద్ధం. రెండేళ్లుగా నాకు అన్నం సహించడం లేదు.

నిన్న క్రికెట్ సంఘం కార్యదర్శి గదికి వెళ్లి అంతా చెప్పేశాను. రేపటి నుంచి రానక్కర్లేదన్నాడు. ఆ విలేకరికీ చెప్పాను, రాసుకోమన్నాను.

నన్ను తిట్టు, మాట్లాడటం మానెయ్, పడతాను. కానీ ఆ పొద్దున పిచ్‌ను సరిగ్గా చదివి నిజం పలికింది నువ్వొక్కదానివే. ఆ క్లబ్ వాళ్లకు వస్తున్నానని చెప్పు. ఇకమీదట టాస్‌కు ముందు ఎవరినీ అడక్కు. నన్ను అసలే అడక్కు.

ఇట్లు,
తన తప్పును రెండేళ్లు నీ చేత మోయించిన
మీ నాన్న