గాసన్న నోట రాని హామీ

శుక్రవారం రాత్రి, డుంబ్రిగుడ

పార్టీ మహాసభలో నాయకుడు నలభై నిమిషాలు ప్రత్యర్థులను తిట్టాడు. ‘తిట్లు చాలు, ఇక మంచి మాటలు’ అని చీటీ అందాక, కొండ ఊళ్లకు కుళాయి నీళ్లిస్తానన్నాడు. తిట్లన్నీ కొండ జనం మాట్లాడే ఆదివాసీ ఒడియాలోకి మార్చి చెప్పిన దుబాసీ గాసన్న అక్కడ ఆగిపోయాడు.

"ఏటి, బేగి సెప్పు!" నిర్వాహకుడు గద్దించాడు.

"పోయిన ఎలచ్చన్లకీ ఈ మాట నా నోటితోనే సెప్పించారు బాబూ. నీళ్లు రాలేదు. సంతకెళ్తే జనం నన్నే నిలదీస్తన్నారు. కావాలంటే ఇంకో గంట తిట్టండి, సెప్తాను."

మైకు లాక్కుని, మెడపట్టి దించేశారు. మా పత్రికకు అదే వార్తగా రాసి పంపాను. "ఇంత పెద్ద సభలో నీకిదే కనిపించిందా? థింసా డాన్సు ఫొటో పంపు" అన్నాడు డెస్క్ ఇన్‌చార్జి. పంపలేదు.

కానీ పోయినసారి ఆ హామీని మొదటి పేజీకి రాసింది నేనే. నన్ను ఇంతవరకూ ఎవరూ నిలదీయలేదు.