బొమ్మ రాని కొత్త కంప్యూటర్

చెల్లీ, నేను వచ్చేదాకా ఆ కంప్యూటర్ స్విచ్ వెయ్యకు. రేపటి ఇంటర్వ్యూకి నీ ఫ్రెండ్ ల్యాప్‌టాప్ అడిగి తెచ్చుకో. ర్యామ్ తీసి, తుడిచి, మళ్ళీ బిగించి చూశాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ తెర మీద బొమ్మ రావడం లేదు. మూడుసార్లు కుయ్‌మని ఊరుకుంటోంది. తయారుగా ఉన్నది కొనుక్కుందామంటే విన్నావా? "మా అన్నయ్యే బిగించాడని అందరికీ చెప్పుకుంటా" అన్నావు. ఇప్పుడేం చెప్పుకుంటావే తల్లీ? ఇంక నా వల్ల కావడం లేదు. డ్యూటీకి టైమైంది, వెళ్తున్నా.

అన్నట్టు, అది కూసినప్పుడల్లా తాతయ్య కాలింగ్ బెల్ అనుకుని వెళ్ళి తలుపు తీస్తున్నాడు. ఇందాక విసుగొచ్చి, "ఎవరు నాయనా, ఊరికే బెల్లు కొట్టే బదులు వచ్చెయ్యొచ్చుగా!" అని కేకేశాడు. పొద్దుట్నుంచీ నేనూ దాన్ని అలాగే బతిమాలుతున్నాను.