నా వంకర చెయ్యి సంగతి

నాయనా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. పొద్దున నీ సైకిలు మీంచి పడినాను. చెల్లెలు నన్ను తిరుపతి ఆస్పత్రికి పిల్సకపోయింది. ఎముకలు కట్టేటోని కొడుకు ఎక్స్‌రే తీయించుకుంటే నువ్వు ఊరుకుంటావా!

కొత్తగా ఏమీ ఇరగలేదంట. డాక్టరమ్మ ఎడమ చెయ్యి ఫొటో సూపించి, "ఇక్కడ పాత ఎముక బుడిపె కట్టి వంకరగా అతుక్కునింది. కట్టినవాళ్లకి పని రాదేమో" అనింది.

నాకు పన్నెండేళ్లప్పుడు నువ్వు కట్టిన కట్టు అది. "ఎముక దానంతటదే అతుక్కుంటాదిరా, కదలకుండా పట్టుకునేదే మన పని" అని చెప్పి వెదురు దబ్బలు పెట్టి కట్టినావు. గోలీలాటకి రెండు చేతులూ కావాలని పదో రోజు నేనే దబ్బలు ఇప్పేసినా. ఆట అయినాక మళ్లా సుట్టి, పండ్లతో కరిచి ముడేసినా. ఎముక పక్కకి జరిగి అట్లే అతుక్కునింది.

"కన్నకొడుకు చెయ్యే సక్కంగా కట్టలేకపోయినాడు" అని ఊరు నవ్వింది. నీకాడికొచ్చేవాళ్లు కట్టు కట్టించుకునేదానికి పుత్తూరు దావ పట్టినారు. కథలల్లి అందర్నీ ఏడిపించే నా నోరు ఆ పొద్దు పెగల్లేదు.

ఈ పొద్దు పెగిలింది. "మా నాయన బాగానే కట్టినాడమ్మా, ఇప్పింది నేను" అన్నా.

"ఇన్నేళ్లు ఏం చేస్తాంటివన్నా?" అని చెల్లెలు ఏడ్చింది.

ఊరికొస్తానే టీ అంగడికాడ పెద్దోళ్లకీ చెప్పినా. "వీడు మళ్లా కథ అల్లినాడప్పా!" అని పడీపడీ నవ్వినారు.

రేపు మళ్లా పోయి చెప్తా నాయనా. నమ్మేదాకా చెప్తా.