పదహారో ఇల్లు

మార్చి 4

ప్రియమైన చిట్టికి,

అక్క రాసేది. ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఏంటని అడగకు. ఫోన్లో నువ్వు ఒకటంటే నాకింకోటి వినిపిస్తుంది. కుర్చీలకి చెక్క కోసే కరెంటు రంపం పుణ్యమా అని నా చెవులు ఈ మధ్య మరీ మొండికేస్తున్నాయి.

అసలు సంగతి విను. నిన్న మునిసిపాలిటీ వాళ్ళు ముగ్గురు అట్టలు, కాగితాలు పట్టుకుని మన వీధికి వచ్చారు. మలుపులో సెలూన్ బాబాయి రెండు ఈలలు వేశాడు. ఇక చూడాలి మా పనితనం! చెప్పుల ఆయన తోలంతా మంచం కిందికి తోశాడు. కేకుల పిన్ని ఓవెన్ మీద చీర ఆరేసింది. బాబాయి తన సెలూన్ కుర్చీలో తనే కూర్చుని పేపరు చదవడం మొదలెట్టాడు. నేను రంపం మీద దుప్పటి కప్పి, రెండు దిండ్లు పెట్టి, పక్కన కూర్చుని మోకాలు పట్టుకుని మూలిగాను.

వాళ్ళలో ఒకమ్మాయి నా చెవి దగ్గరకొచ్చి, "ఈ ఇంట్లో ఏదైనా పని జరుగుతుందా అండీ?" అని అరిచింది. వంట జరుగుతుందన్నాను. "మరి మీ తలలో ఈ పొట్టు ఏంటి?" అంది. చుండ్రమ్మా అన్నాను. రాసుకుని వెళ్ళిపోయింది! ముప్ఫై ఇళ్ళలో ఒక్కరూ దొరకలేదు. ఇరవై రెండేళ్ళుగా దొరకని వాళ్ళం, ఇప్పుడు దొరుకుతామా?

ఆరోగ్యం జాగ్రత్త. వేళకి తిను.

గెలిచిన గర్వంతో,
నీ అక్క

మార్చి 11

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చదువుతూ ముందు పడీపడీ నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. వాళ్ళు పట్టుకోవడానికి రాలేదే అక్కా! లెక్క రాసుకోవడానికి వచ్చారు.

ఇళ్ళొక చోట, దుకాణాలొక చోట, వర్క్‌షాపులు ఊరి బయట అని కదా పాత నిబంధన. దాన్ని మీ ఊళ్ళో ఇప్పుడు మారుస్తున్నారు. మా ఊళ్ళో పోయినేడే మార్చారు, మా మునిసిపాలిటీ ఆఫీసులో ఆ మ్యాపులకి రంగులు వేసింది నేనే. ఇకమీదట ఒక వీధిలో సగానికి మించి ఇళ్ళలో ఏదో ఒక పని జరుగుతుంటే, ఆ వీధిలో కాపురమూ ఉండొచ్చు, పనీ చేసుకోవచ్చు. దాక్కోనక్కర్లేదు. కానీ సగం దాటకపోతే అది ఇళ్ళకి మాత్రమే. మునుపటిలా చూసీచూడనట్టు వదిలెయ్యరు. ఏడాదిలోపు పనులన్నీ శివారు షెడ్లకి పోవాల్సిందే.

మీ వీధికి వాళ్ళు ఏం రాసుకుని ఉంటారో తెలుసా? ఇళ్ళు ముప్ఫై, పనులు సున్నా. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నారు మీరంతా!

తప్పు నాది కూడా. ముందే రాయాల్సింది. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూ కూర్చున్నాను. ఇప్పుడు వెంటనే చేయాల్సింది చెప్తాను. ముసాయిదా మ్యాపు నెల రోజులు ఆఫీసులో గోడకి ఉంటుంది. ఆ లోపు, మళ్ళీ లెక్క తీయమని అందరూ సంతకాలు పెట్టి అర్జీ ఇవ్వండి. పదహారు ఇళ్ళు కావాలి. వీధిలో అయిదేళ్ళుగా పని జరుగుతోందని ఏదైనా కాగితం రుజువు కూడా కావాలి.

కంగారు పడకు. అంటే, కొంచెం పడు.

నీ చిట్టి

మార్చి 19

ప్రియమైన చిట్టికి,

నోట్లో వెలక్కాయ పడ్డట్టుంది నాకు. మ్యాపు చూసొచ్చాను. మన వీధి పసుప్పచ్చగా, చక్కగా, ఇళ్ళకి మాత్రమే అని ఉంది.

ఆ షెడ్లకి రెండు బస్సులు మారాలి. అక్కడ రోజంతా లారీలు వెనక్కీ ముందుకీ తిరుగుతుంటాయి. నాకు హారన్ వినపడదు. నీకు చెప్పడానికి సిగ్గెందుకు, నాకు భయమే. ఇక్కడ ఆగిపోతే నా పని ఆగిపోయినట్టే. కుర్చీ చెయ్యని రోజు నాకెలా గడుస్తుందో నాకే తెలీదు.

అర్జీ ఇచ్చాం. వచ్చే నెల పదో తేదీన మళ్ళీ లెక్క తీస్తామన్నారు. నిన్న నా రంపం గదిలోనే అందరం కూర్చుని లెక్కేసుకున్నాం. చిత్రం ఏంటో తెలుసా? మూడిళ్ళ అవతల కుంచెలు తయారుచేస్తారట! పాలిష్ కుంచెల కోసం నేను పదేళ్ళుగా బజారు దాకా నడుస్తున్నాను. ఆఫీసు వాళ్ళ దగ్గర దాచామనుకున్నాం గానీ, ఒకళ్ళ దగ్గర ఒకళ్ళం కూడా దాచుకున్నాం.

అన్నీ కలిపితే పదిహేను. ఎన్నిసార్లు కూడినా పదిహేనే.

కాగితం రుజువంటావా, బోర్డుల్లేవు, లైసెన్సుల్లేవు. మా గురించి కాగితాలున్న మనిషి వీధి మొత్తానికి ఒక్కడే, నా గోడ పక్క ఇంటి మాస్టారు. బడి నుంచి రిటైరయ్యాక పదకొండేళ్ళలో నా మీద నలభై ఒక్క ఫిర్యాదులు ఇచ్చాడు. "రంపం మోతకి పగటి నిద్ర చెడిపోతోంది" అని. అన్నేళ్ళుగా మా మధ్య మాటల్లేవు. ఊరందరిదీ ఒక దారైతే ఆయనదొక దారి. ఆ గడప నేను తొక్కను.

దిగులుతో,
నీ అక్క

మార్చి 25

ప్రియమైన అక్కకి,

తొక్కు. ఆ ఫిర్యాదులు తీసుకున్నట్టు ఆఫీసు ముద్ర, తేదీ వేసి ఇచ్చే ఉంటారు. పదకొండేళ్ళుగా అక్కడ రంపం ఆడుతోందని ఆఫీసే ఒప్పుకున్నట్టు! ఇంతకన్నా రుజువేం కావాలి? ఆయనకి నువ్వు నచ్చాల్సిన పన్లేదు, కాగితాలిస్తే చాలు.

పదహారో ఇంటి కోసం మాత్రం మీ తెలివితేటలు చూపించొద్దు. ఎవరింట్లోనో కుట్టుమిషను తెచ్చిపెట్టి నాటకం ఆడారనుకో, పట్టుకుంటే పదిహేనూ కొట్టేస్తారు.

ఒకవేళ కుదరకపోతే నా దగ్గరికి వచ్చెయ్. వెనక గది ఖాళీ చేశాను. ఇందులో నా స్వార్థమూ ఉందిలే, ఒంటరిగా తిని తిని విసుగొచ్చింది.

నీ చిట్టి

మే 2

ప్రియమైన చిట్టికి,

ఇన్నాళ్ళు రాయనందుకు తిట్టుకుంటున్నావేమో. ఏదో ఒకటి తేలేదాకా కలం పట్టబుద్ధి కాలేదు.

నువ్వన్నట్టే మాస్టారి ఇంటికి వెళ్ళాను. సగం తలుపు తీసి, నేను చెప్పిందంతా విని, తలుపేసుకున్నాడు. ఆ రోజు నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. తెల్లారి చూస్తే నా గుమ్మంలో నలభై ఒక్క ఫిర్యాదులూ ఉన్నాయి. దారంతో కుట్టి, గుడ్డ అట్ట వేసి, చేతిలో పట్టుకుంటే ముద్దొచ్చేలా. అప్పుడైనా నా బుర్రకి తట్టలేదు చూడు.

పదో తేదీన ఎవరూ ఈల వెయ్యలేదు. వీధంతా తలుపులు తెరిచే ఉన్నాయి. మళ్ళీ ఆ అమ్మాయే వచ్చింది. "చుండ్రు తగ్గలేదా అండీ?" అంటూ నవ్వింది. ఫిర్యాదుల కట్ట చేతికిస్తే ముద్రలూ తేదీలూ చూసి రుజువు సరిపోయిందంది. మేం పని ఉందన్న ఇళ్ళన్నీ తిరిగి, చివరికి పుస్తకం మూస్తూ నాకు అర్థమయ్యేలా పది వేళ్ళు, మళ్ళీ అయిదు వేళ్ళు చూపించింది. కేకుల పిన్ని అక్కడే కూలబడింది. నేను కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డాను.

అప్పుడు మాస్టారు మెట్లు దిగి వచ్చాడు. నలభై రెండో ఫిర్యాదేమో అనుకున్నాను. "మా ఇల్లు చూడకుండా పోతారేం?" అన్నాడు. బడి గొంతు కదా, నాక్కూడా వినిపించింది.

వెనక గదిలోకి తీసుకెళ్ళాడు. ఏం చెప్పమంటావే! గోడ పొడుగూ పుస్తకాలు. కుట్టినవి, కుట్టాల్సినవి. ఇనప ప్రెస్సు, దారపు ఉండలు, తోలు ముక్కలు, అట్టల మీద పేర్లు అచ్చు వెయ్యడానికి బంగారు రేకు. రిటైరైనప్పటి నుంచీ ఇదే పనట.

"మరి ఈవిడ మీద అన్ని ఫిర్యాదులు ఎందుకిచ్చారు?" అని అడిగిందా అమ్మాయి.

"సరిగ్గా నేను అక్షరం అచ్చు వేసేటప్పుడే ఈవిడ రంపం మొదలెట్టేది. గోడ అదిరేది, అక్షరం వంకర పోయేది. అసలు కారణం రాస్తే నా పనీ బయటపడదూ? అందుకే నిద్ర అని రాశాను. నేను పగలు నిద్రపోయి ముప్ఫై ఏళ్ళయిందమ్మా."

వీధి మొత్తం గొల్లున నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. పదకొండేళ్ళు ఒకే గోడకి అటూ ఇటూ, దొంగకి తేలు కుట్టినట్టు ఇద్దరం నోరు మూసుకుని పని చేశాం! ఆయన ఒక్క మాట చెప్పుంటే, లేదా నేనే ఒక్కసారి అడిగుంటే, రంపం ఆపడం ఎంతసేపు పని?

మొన్న మ్యాపు సవరించారు. మన వీధికి రంగు మారింది, రెండూ చేసుకోవచ్చు. ఇప్పుడు పదింటి నుంచి పన్నెండింటి దాకా మాస్టారికి అక్షరాల వేళ. ఆ రెండు గంటలూ నేను చెక్కలు నున్నగా చేత్తో చిత్రిక పట్టుకుంటాను. అయిపోగానే ఆయన కిటికీ కర్టెన్ పక్కకి లాగుతాడు, పిలిస్తే నాకు వినపడదని. ఇంకా పెద్దగా మాట్లాడుకోవట్లేదులే. అలవాటు లేదు ఇద్దరికీ.

నీ వెనక గదిలోకి సామాను మళ్ళీ చేర్చేసుకో. నువ్వే నాలుగు రోజులు సెలవు పెట్టి రా. నేను రాలేనే చిట్టీ, పనుంది.

నీ అక్క